ఇంకొకరి పేరుతో పది నిమిషాలు

సూర్యకళ చేసిన పని ఇంతవరకు రెండో మనిషికి తెలియదు. బుధవారం పొద్దున మొగుడు అర్జునరావు కుళాయి దగ్గర స్నానం చేస్తుండగా, ఛార్జింగులో ఉన్న అతని బటన్ల ఫోను తీసి, 'శ్రీవల్లి మేడం' అన్న పేరు కింద ఉన్న నంబరు చెరిపేసి, తాను కొత్తగా కొన్న సిమ్ము నంబరు ఎక్కించింది. పేరు మేడందే, నంబరు మాత్రం తనది. కిందటి వారం మనం ఆమెను అక్కడే వదిలాం. ఆ సిమ్ము వేసిన పాత ఫోను జాకెట్లో దోపుకుని మూడు రోజులుగా తిరుగుతోంది. అది మోగుతుందేమోనని ఒక బాధ, మోగడం లేదని ఇంకో బాధ.

మధ్యలో చదవడం మొదలుపెట్టినవాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. అర్జునరావు ఫిషింగ్ హార్బరులో ఒక మరబోటుకి సరంగు, అంటే బోటు నడిపేవాడు. అతను తాగుడు మాని ఏడు నెలలయింది. మాన్పించింది 'ఒడ్డు' అనే బృందం. గాజువాకలో ఒక మేడ మీద ప్రతి ఆదివారం కలుస్తారు. అక్కడ దేవుడి పటం ఉండదు, ఒట్టు పెట్టించుకోవడం ఉండదు, ఉపన్యాసాలు అసలే ఉండవు. మానాలనుకున్నవాళ్ళు కుర్చీలు గుండ్రంగా వేసుకుని ఒకరి సంగతి ఒకరు వింటారు, అంతే. సూర్యకళ అత్త ముసలమ్మ ఈ మాట విని మొదట్లో బుగ్గ నొక్కుకుంది. "పటం నేని సోట మాన్పించడమేటే? ఆళ్ళేటి, డాక్టర్లా?" అంది. ఈ ముసలమ్మ సూర్యకళకి అత్త ఒక్కతే కాదు, మేనత్త కూడా.

ఒడ్డులో చేరిన ప్రతివాడికీ ఒక 'వినేమనిషి' ఉంటారు. తాగాలన్న కోరిక తన్నుకొచ్చినప్పుడు గ్లాసు నోటికి చేరకముందే ఆ మనిషికి ఫోను చెయ్యాలి. వినేమనిషి తనంతట తాను ఎప్పుడూ చెయ్యకూడదు. ఎత్తాక మొదటి పది నిమిషాలు ఊఁ కొట్టడం తప్ప నోరు విప్పకూడదు. కోరిక ఎంత బలంగా వచ్చినా పది నిమిషాలు మాట్లాడితే మెత్తబడుతుందని వాళ్ళ అనుభవం. ఆ తర్వాత, 'ఇప్పుడెలా ఉంది?' అని అడగాలి. ఇంకో షరతు కూడా ఉంది. ఇంటివాళ్ళు వినేమనిషిగా పనికిరారు. ఇంటివాళ్ళ ముందు మనిషి దాచుకుంటాడు, లేకపోతే బతిమాలుకుంటాడు, చెప్పుకోడు కాబట్టి.

సూర్యకళ కడుపులో మంట పెట్టింది ఆ ఆఖరి షరతే.

పదకొండేళ్ళ కాపురం. ఏడ్చింది, తిట్టింది, కాళ్ళు పట్టుకుంది, పుట్టింటికి పోయింది, ఎవరూ పిలవకుండానే తిరిగొచ్చింది. మాల వేయించింది. మాల తీసిన సాయంత్రమే అతను బెల్టు షాపు దగ్గర దొరికాడు. పద్మనాభం ఊరి అవతల ఎవరో పసరు ఇస్తారంటే తెచ్చి చేపల పులుసులో కలిపింది. పులుసు పాడయింది గానీ తాగుడు పోలేదు. ఇన్నిటికీ కాని పని, ఎవరో ఒకావిడ చెవికి ఫోను ఆనించుకుని ఊఁ ఊఁ అంటే అయిపోయింది. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా. అది రుచే అనుకుందాం, ఇంట్లో పదకొండేళ్ళు వండి పెట్టినదాన్ని ఏ పెంట మీద పారబోయాలి?

పోనీ ఆ శ్రీవల్లి అందగత్తె అయినా బాగుండేది. నాలుగు తిట్లు తిట్టుకుని ఊరుకునేది. ఆవిడకు నలభై దాటాయి. రాజమండ్రి వైపు మనిషి, స్టీల్‌ప్లాంటు క్వార్టర్లలో ఉంటుంది. ఒకప్పుడు నర్సుగా చేస్తూ నిద్రమాత్రలకు అలవాటుపడి, ఉద్యోగం పోగొట్టుకుని, ఎనిమిదేళ్ళ కిందట వాటిని వదిలించుకుందట. కళ్ళజోడు, నలగని కాటన్ చీర, ఒక స్కూటీ. మీటింగయ్యాక అర్జునరావు ఆ స్కూటీ పక్కన తల వంచుకుని నిలబడి ఏదో చెప్పేవాడు. ఆవిడ ఏదో అనేది. అతను అడ్డంగా తల ఊపేవాడు. మళ్ళీ ఆవిడ అనేది. నాలుగు ఆదివారాలు వరసగా కింద టీ కొట్టు దగ్గర నిలబడి సూర్యకళ ఇది చూసింది. అతను మెట్లు దిగి తన దగ్గరికి వచ్చేసరికి నోటికి తాళం పడిపోయేది.

"ఏటన్నాది ఆవిడ?" అని అడిగితే, "ఏటీ నేదు" అనేవాడు.

ఏమీ లేనిదానికి పావుగంట పడుతుందా?

ఆ మేడ మీదే పక్కన ఇంటివాళ్ళ గది కూడా ఉంది. తాగేవాళ్ళ పెళ్ళాలూ, తల్లులూ, తండ్రులూ అక్కడ కూర్చుంటారు. శ్రీవల్లి మీద ఒక కన్నేసి ఉంచవచ్చని సూర్యకళ ఒక ఆదివారం అక్కడికీ వెళ్ళింది. తన వంతు రాగానే, "మా ఆయన..." అని మొదలుపెట్టి ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోతుంటే, గంగాధరరావు అనే పెద్దాయన, కొడుకు కోసం వస్తున్న రిటైరైన క్రేను ఆపరేటరు, మెల్లగా ఆపాడు.

"అమ్మా, ఇక్కడ ఆయన గురించి కాదండి. మీ గురించి చెప్పాలండి."

సూర్యకళ కుర్చీలో వెనక్కి జరిగింది. తన గురించి ఏముంది చెప్పడానికి? గదిలో అందరూ ఓపిగ్గా ఎదురుచూశారు. ఆ ఓపిక ఆమెకు అవమానంగా తోచింది. మళ్ళీ ఆ గది గడప తొక్కలేదు. అక్కణ్ణుంచి తెచ్చుకున్నదల్లా ఒక్కటే, పది నిమిషాలు ఊఁ కొట్టే పద్ధతి.

దొంగకు తాళంచెవి దొరికినట్టయింది.

ఇవాళ శనివారం. చేపల వేట మీద సర్కారు నిషేధం ఈ రాత్రితో తీరిపోతుంది. రెండు నెలలుగా కట్టేసి ఉన్న బోట్లన్నీ రేపు తెల్లారకముందే సముద్రంలోకి వెళతాయి. అర్జునరావు పొద్దున్నే హార్బరుకు పోయాడు. సూర్యకళ, ముసలమ్మ ఎండుచేపల గంపలతో బస్సెక్కి సబ్బవరం బజారుకు వచ్చారు. మధ్యాహ్నం మూడు దాటింది. నెత్తళ్ళు కొంచెం పోయాయి, సావిడాయలు అలాగే ఉన్నాయి. ముసలమ్మ ఒకావిడతో బేరమాడుతోంది.

జాకెట్లో ఫోను మోగింది.

సూర్యకళ ఒక్క ఉదుటున లేచింది. "ఇప్పుడే ఒస్తాను అత్తా" అని, ఆటోల వరస దాటి, షట్టరు దించి ఉన్న ఒక ఎరువుల కొట్టు ఉన్న సందులోకి దూరింది. బటను నొక్కి చెవికి ఆనించుకుంది.

"మేడం, నానండి. అర్జున్ని."

అర్జున్ని. ఇంటికి ఈ మనిషి ఫోను చేస్తే 'ఊఁ, ఏటి' అంటాడు. ఇప్పుడు పేరు చెప్పుకుంటున్నాడు, అండీ అంటున్నాడు. ఆ గొంతులో ఒక మెత్తదనం ఉంది. పెళ్ళయిన కొత్తలో కూడా సూర్యకళ దాన్ని వినలేదు. ఆ మెత్తదనం వస్తున్నది తన చెవిలోకే. అయినా తన కోసం కాదు కాబట్టి ఒళ్ళు భగ్గున మండింది.

"ఊఁ," అంది, గొంతు సన్నం చేసి.

"జెట్టీ మీదున్నానండి. ఐసు ఎక్కించీసినాం. డీజిలు కూడా అయిపోనాది. ఓనరు రెండు కేసుల మందు పంపించినాడు. గంగమ్మ గ్లాసు ఈ రోజే గదండి."

గంగమ్మ గ్లాసంటే ఏమిటో సూర్యకళకి ఒకరు చెప్పనక్కర్లేదు. నిషేధం తీరాక మొదటి వేటకి పోయేముందు, తొలి గ్లాసు బోటు ముందుభాగం మీద గంగమ్మ తల్లికి పోస్తారు. రెండోది సరంగు చేతికిస్తారు. సరంగు తాగితేనే మిగతావాళ్ళు ముడతారు. వద్దంటే ఆ ఏడాదంతా వల ఖాళీగా వస్తుందని బోటు మీద పనిచేసే కలాసీల భయం.

"గ్లాసు నా సేతికిచ్చినారు మేడం. ఫోనొచ్చినాదని అబద్ధమాడి ఐసు ప్లాంటు ఎనక్కొచ్చినాను. గ్లాసు నా సేతిలోనే ఉన్నాది. నాలిక పీకేత్తన్నాది."

"ఊఁ."

"ఏడు నెలలయిపోనాది, ఈ గ్లాసొకటి నన్నేటి సేత్తాది అనుకున్నానండి పొద్దున్న. గ్లాసు వల్ల కాదు మేడం ఇప్పుడిలాగున్నాది. మా కళ వల్ల."

సూర్యకళ పళ్ళు కొరుక్కుంది. చూశావా, తప్పు పెళ్ళానిదే అన్నమాట. ఊరికి చెప్పని మాట, ఇంటికి చెప్పని మాట మేడంకి చెబుతాడు, అది కూడా పెళ్ళాం మీద చాడీ. నోటిదాకా వచ్చిన తిట్టును గుటక వేసి, "ఊఁ," అంది.

"పొద్దున్న నాను సద్ది మూట కట్టుకుంటంటే, అది ఆళ్ళ తమ్ముడి ఫొటో కాడ నిలబడి దండమెట్టుకుంటన్నాది. 'ఒరే వాసూ, రేపు మీ బావ ఎల్తన్నాడు, సల్లగా సూడు' అన్నాది. ఆ మాట నా సెవుల పడ్డాది మేడం. అక్కణ్ణుంచీ నా కాళ్ళు బోటు మీద నిలబడట్లేదు."

సూర్యకళకి అర్థం కాలేదు. వాసు ఆమె ఒక్కగానొక్క తమ్ముడు. నాలుగేళ్ళ కిందట అర్జునరావు బోటు మీదే వేటకి వెళ్ళి అల కొట్టి సముద్రంలో పడిపోయాడు. అప్పటికి వాడికి ఇరవై రెండేళ్ళు. మూడో రోజున భీమిలి వైపు ఒడ్డుకి తేలాడు. అప్పట్నుంచి అర్జునరావు తాగుడుకి హద్దు లేకుండా పోయింది. తన తమ్ముడి కోసం మొగుడు అలా కుళ్ళిపోతున్నాడని సూర్యకళ ఎంత ఏడ్చిందో, లోపల అంత గర్వపడింది కూడా. పేటలో ఆడవాళ్ళతో చెప్పుకునేది, "మా వాసంటే మా బావకి పేణం" అని. నాలుగేళ్ళు ఆ తాగుడిని భరించింది ఆ ఒక్క మాట మీదే.

"మీరు నాలుగు వారాల్నుంచీ సెప్తన్నారు, ఇంట్లో సెప్పీమని. నా వల్ల కావట్లేదండి. మీకు మళ్ళీ ఒక్కసారి మొదట్నుంచి సెప్తాను. సెప్తే కొంచెం తగ్గుతాది గదా."

"ఊఁ," అంది సూర్యకళ. ఈసారి గొంతు సన్నం చేయడం మరిచిపోయింది. అదృష్టమో దురదృష్టమో, అతను గమనించలేదు.

"ఆ రోజు అల నేదు మేడం. సంద్రం నూనె పోసినట్టున్నాది. నాను పొద్దుట్నుంచీ తాగుతానే ఉన్నాను. స్టీరింగు కాడ కన్ను మూతపడిపోనాది. బోటు గిర్రున తిరిగీసింది. వాసుగాడు ఎనకాల అంచు మీద నిలబడి వల సర్దుతున్నాడు. పడిపోనాడు. 'బావా' అని అరిసినాడంట. ముందున్న చలమయ్యకి ఇనిపించింది. దగ్గిరున్న నాకు ఇనపళ్ళేదు. చలమయ్య ఒచ్చి నన్ను తన్ని లేపి, బోటు ఎనక్కి తిప్పేసరికి..."

అవతల ఎక్కడో ఐసు ముక్కలు గొట్టంలోంచి జారుతున్న చప్పుడు.

"ఒడ్డుకొచ్చేలోపు నలుగురం ఒట్టేసుకున్నాం. అల కొట్టీసిందనే సెప్పాలని. మా కళ నన్ను పట్టుకుని ఏడిసింది మేడం. 'నువ్వయినా మిగిలినావు బావా' అన్నాది."

సూర్యకళ వీపు షట్టరుకి ఆనుకుంది. ఇనుము ఎండకి కాలిపోతోంది, కదల్లేదు. ఇలాంటి మాట విన్న ఏ అక్కకైనా ముందు తమ్ముడు గుర్తుకు రావాలి. రాలేదు. ముందు గుర్తొచ్చింది స్కూటీ పక్కన నిలబడ్డ కళ్ళజోడు మనిషి. ఆవిడకి నాలుగు వారాలుగా తెలుసు. తన తమ్ముడు ఎలా చచ్చిపోయాడో తనకన్నా ముందు ఆవిడకి తెలుసు. తాను కింద టీ కొట్టు దగ్గర నిలబడి ఏవేవో ఊహించుకుని కుళ్ళుకుంటుంటే, పైన వాళ్ళిద్దరూ వాసు గురించి మాట్లాడుకున్నారు. మొగుణ్ణి పంచుకున్నా ఇంత మండి ఉండేది కాదు. సిగ్గుచేటే, కానీ సూర్యకళకి ముందు వచ్చింది అసూయ. ఏడుపు దాని వెనకాల వచ్చింది.

"మేడం, ఉన్నారా?"

ఏదో ఒకటి అనాలి. నోటికి చెంగు అడ్డం పెట్టుకుని, "ఊఁ," అంది.

"నా తాగుడికి కారణం వాసుగాడి మీద పేమ అనుకుంటాది అది. అందరికీ అలాగే సెప్తాది. అది అలా సెప్పినప్పుడల్లా నాకు ఇంకో క్వార్టరు కావాల్సొచ్చేది. ఇంట్లో అడుగెట్టగానే నా నోరు వాసన సూత్తాది మేడం, ఇప్పటికీ. సూసి, ఏటీ నేదని తెలిసి, ఆ ఫొటో వేపు తిరిగి నవ్వుతాది. ఆ నవ్వు నాను సూడలేను."

ఫోను తెర మీద తొమ్మిది నిమిషాల నలభై సెకన్లు చూపిస్తోంది. దూరంగా అతని వెనక ఎవరో కేకేశారు. "సరంగు బావా, బేగి రా, గ్లాసు ఎండిపోతన్నాది."

"ఒస్తన్నానురా," అని అరిచి, మళ్ళీ గొంతు తగ్గించాడు. "పది అయిపోనాది మేడం. మీరు అడగాల గదా."

సూర్యకళ అడగలేదు.

"నానే అడుగుతాను మరి. ఈ ఒక్కసారికీ ఊఁ కాకుండా మాట సెప్పండి. రేపు ఎలతే పదిహేను రోజులు ఫోను అందదు. ఎలకముందు దానికి సెప్పీమంటారా? సెప్తే అది నన్ను ఒగ్గేత్తాది. సెప్పకపోతే ఈ గ్లాసు నన్ను ఒగ్గదు. మీరు సెప్పమంటే ఇప్పుడే ఇంటికెల్తాను. ఒద్దంటే... గ్లాసు ఇక్కడే ఉన్నాది. ఏటి సెయ్యమంటారు?"

ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, సూర్యకళ మనసులో 'తాగి సావనీ' అన్న మాట మెదిలింది. ఫోను కట్ చేస్తే చాలు. అతను తాగుతాడు. ఏడు నెలలూ గంగలో కలుస్తాయి, ఆ శ్రీవల్లి గొప్పదనం కూడా వాటితో పాటే కలుస్తుంది. వాసు ఉసురు కూడా తగులుతుంది. బొటనవేలు ఎర్రబటను మీదికి వెళ్ళింది.

రేపు తెల్లారకముందు ఆ తాగిన మనిషి మళ్ళీ స్టీరింగు దగ్గర కూర్చుంటాడు. ఆ బోటు మీద ఇంకో ఐదుగురుంటారు. వాళ్ళలో చలమయ్య మనవడు బాబీ ఒకడు. వాడికి ఇదే తొలి వేట. పొద్దున వాళ్ళమ్మ వాడి చొక్కాకి గుండీ కుట్టడం సూర్యకళ కళ్ళారా చూసింది.

"బావా," అంది. "గ్లాసు కింద ఎట్టు."

షట్టరు నుంచి వీపు తీసి నిటారుగా నిలబడింది.

"తరవాత ఏటి సెయ్యాలో నాను సెప్తాను. నిన్ను ఏటి సెయ్యాలో కూడా నానే సెప్తాను. ముందు గ్లాసు కింద ఎట్టు బావా."

"కళా?" అన్నాడు. పిలిచినట్టు లేదు, ఎవరో వెనకనుంచి కొడితే నోట్లోంచి వచ్చినట్టుంది. తర్వాత ఆ మెత్తటి గొంతు, దిక్కుతోచని గొంతు, పెళ్ళాన్ని అడిగిన ప్రశ్న ఇది.

"మేడం ఏరీ?"

ఫోను కట్టయిపోయింది.

సూర్యకళ వెంటనే తిప్పి చేసింది. స్విచాఫ్. తన అసలు ఫోనుతో చేసింది. స్విచాఫ్. ఇప్పుడతన్ని నిలబెట్టగల మనిషి ఒక్కరే, పద్ధతి తెలిసిన ఆ కళ్ళజోడావిడ. ఫోను చేసి, 'తల్లీ, హార్బరుకి ఎల్లు, మా బావ సేతిలో గ్లాసున్నాది' అని కాళ్ళావేళ్ళా పడడానికి కూడా సూర్యకళ సిద్ధమే. కానీ ఒడ్డులో ఇంకెవరి నంబరూ తనకి తెలియదు, ఆవిడది అర్జునరావు ఫోనులో ఒక్కచోటే ఉండేది. బుధవారం దాన్ని చెరిపింది ఈ చేతులే.

సందులోంచి బయటికొచ్చి గంపల దగ్గరికి నడిచింది. ఇక్కణ్ణుంచి హార్బరుకి ఆటో కట్టించుకున్నా గంట పైనే. ముసలమ్మ చేతిలో తక్కెడ పట్టుకుని తలెత్తి చూసింది. కోడలి మొహం చూసి తక్కెడ అలాగే వదిలేసింది, సావిడాయలు గోనె మీద చిందాయి. బేరమాడుతున్న ఆవిడ ఏదో అడుగుతున్నా వినిపించుకోలేదు.

"అత్తా, గంపలు నువ్వు తెచ్చీ. నాను హార్బరుకి..." అని మాత్రం అనగలిగింది సూర్యకళ.

ముసలమ్మ ఎందుకని అడగలేదు. ఎవరికి ఏమయిందని అడగలేదు. ఎండుచేపల పొట్టు అంటిన చేత్తో కోడలి మణికట్టు పట్టుకుని దగ్గరికి లాగి, చుట్టూ ఒకసారి చూసి, గొంతు తగ్గించి అంది.

"వాసు సంగతి సెప్పీసినాడేటే, ఆకరికి?"